బాపుకు చెయ్యియ్యని రోజు

మొన్న ఎల్లారెడ్డి అవతల చెరువు ఒడ్డున కాలు జారి నేను బురదలో కూలబడితే, నా మనవరాలు నాకు చెయ్యి ఇవ్వలేదు. చాపిన నా చేతిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. ఆ తర్వాత పక్కనున్న పిల్ల దగ్గరి పొడుగు కట్టె లాక్కొని, దాని కొసను నా ముక్కు దాకా చాపింది. "అమ్మమ్మా, దీన్ని పట్టుకో. చెయ్యియ్యద్దని సార్ చెప్పిండు" అంది. నీళ్లు నా మడమలు కూడా దాటలేదు. అయినా దాని ముఖంలోని పట్టుదల చూస్తే నేను నిజంగానే కొట్టుకుపోతున్నానేమో అనిపించింది. ఆ కట్టె పట్టుకొని లేవడానికి బదులు నేను బురదలోనే కూర్చొని నవ్వడం మొదలుపెట్టాను. ఎంతకీ ఆగకపోయేసరికి ముసలామెకు ఏదో అయిందని టీచర్లు పరుగెత్తుకొచ్చారు. నాకేమీ కాలేదు, మా నాన్న, మా బాపు గుర్తొచ్చాడు అంతే.

నా మనవరాలు ఆద్య కామారెడ్డిలో ఆరో తరగతి చదువుతోంది. పిల్లలకు చెరువుల దగ్గర, వాగుల దగ్గర ఎలా మసలుకోవాలో నేర్పాలని వాళ్ల బడి వాళ్లు బస్సు మాట్లాడి తీసుకొచ్చారు. ఇంటి నుంచి ఒకరు తోడు రావచ్చంటే నేనే బయలుదేరాను, బడిపంతులమ్మగా రిటైరయ్యాక పిల్లల గోల వినక చెవులు వాచిపోయి ఉన్నాను. అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగారు, మెడలో ఈలలు వేశారు, లోతు మొదలయ్యే చోట జెండాలు పాతారు. కోచ్ సార్ ఒకే మాట పదిసార్లు చెప్పించాడు: కేక వెయ్యాలి, చేతికి దొరికింది విసరాలి, నీళ్లలో దిగకూడదు, చెయ్యి ఇవ్వకూడదు. నా వైపు తిరిగి "మీకు ఈత వచ్చా అమ్మా" అని మర్యాదకు అడిగాడు. రాదన్నాను. అది నిజమే, ఇంత వయసొచ్చినా నాకు ఈత రాదు. నాకొచ్చింది పండుకోవడం. నీళ్ల మీద వెల్లకిలా పండుకొని, ఎవరైనా వచ్చేదాకా బతికి ఉండటం. అది నేర్పింది మా ఊళ్లో చేపలమ్మే నర్సవ్వ, నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు. అది నేర్చుకోకపోతే నేను ఆరో తరగతి గడప తొక్కేదాన్ని కాదు.

మా ఊరు లింగంపేట వైపు, ఒక వాగుకు ఇవతల. ఊళ్లో బడి ఐదు దాకే. ఆరుకు వాగు దాటి పోవాలి. ఎండాకాలం అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు, వానలు పడితే మాత్రం పొద్దున మోకాలు దాకా ఉన్న నీళ్లు బడి విడిచే వేళకు మెడ దాకా వచ్చేవి. మగపిల్లలు అంగీలు నెత్తిన పెట్టుకొని దాటేవాళ్లు. ఆడపిల్లలు ఐదుతో ఆగిపోయి బీడీల చాట ముందు కూర్చునేవాళ్లు. ఐదు తరగతులకూ ఒక్కడే అయిన మా సారు, బడి మానిన పిల్ల పేరు కొట్టేసినప్పుడల్లా కారణం రాయాల్సిన గడిలో 'వాగు' అని రాసేవాడు. ఒక్కోసారి ఆ పేజీ తెరిచి మాకే చూపించి, "గీ వాగు చానా చదువుకున్నదే, ఎంతమంది చదువు మింగిందో సూడుండ్రి" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. మా పేర్లూ అదే దారిన ఉన్నాయని మాకు తట్టేది కాదు.

మా ఇంట్లో ఎప్పుడూ తడిసిన తునికాకు వాసన. మా వైపు అవ్వ అంటే కన్నతల్లి. మా అవ్వ పొద్దున్నే ఆకు తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టేది, రొట్టెలు చేసి పొయ్యి ఆర్పాక చాట ఒళ్లో పెట్టుకునేది. ఇక కత్తెర చప్పుడే. ఆ చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఎవరో గట్టిగా మాట్లాడబోతున్నారని అర్థం. బాపుకు రెండెకరాల మక్క చేను, మిగతా రోజుల్లో కూలి. ఆయన భుజాన ఎర్ర గళ్ల తువ్వాల లేని క్షణం నేను చూడలేదు. చెమట తుడుచుకోవడానికీ, సద్ది మూట కట్టడానికీ, నన్ను ఎండ తగలకుండా కప్పడానికీ అదే. ఆయనను కన్న ముసలవ్వ గుంజకు ఆనుకొని కూర్చొని ఇంటి మాటలన్నింటికీ కాపలా కాసేది.

మాటలకు కాపలా అని ఊరికే అనలేదు. మా ఇంట్లో 'మునుగు' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. పప్పు నానబెడుతుంటే "పప్పు దాగెదాక నీళ్లు పొయ్యి" అనాలి. బావిలో బింద జారితే "బింద నీళ్లు తాగింది" అనాలి. పొరపాటున నేను ఆ మాట అంటే ముసలవ్వ మూతి మీద రెండు వేళ్లతో కొట్టి, వెంటనే పాపమనిపించి బెల్లం ముక్క పెట్టేది. బెల్లం కోసమే కొన్నిసార్లు అన్నాను కూడా. ఊళ్లో ఏ పెరడు చూసినా మునగచెట్టు ఉండేది, మా పెరట్లో లేదు. ఆ చెట్టు పేరు పలకడం ఆమెకు ఇష్టం లేక నాటనివ్వలేదు. పక్కింటి వాళ్లు కాయలిస్తే "పొడుగుకాయ" అని తీసుకునేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో చాదస్తం ఉంటుంది కదా, మాది ఇదనుకున్నాను.

ఐదో తరగతి సగంలో ఉండగా సారు ఒకనాడు మా ఇంటికొచ్చాడు. నన్ను ఆరో తరగతికి పంపమని బాపును అడిగాడు. కత్తెర చప్పుడు ఆగింది. బాపు భుజం మీది తువ్వాల కొస నలిపాడు. "సదువుకు నేను అడ్డం కాదు సారు. వాగుకే భయపడుతున్న. నా బిడ్డ నీళ్లల్ల పడ్డా మళ్ల ఇంటికొస్తదని నమ్మకం కుదిరితే పంపుత. అప్పటిదాక ఈ మాట ఎత్తకుండ్రి" అన్నాడు. ముసలవ్వ లేచి లోపలికి వెళ్లిపోయింది. సారు మాత్రం గడప దిగుతూ నా వైపు చూసి కన్ను కొట్టాడు. బాపు చెప్పింది కుదరదన్న మాట, సారుకు వినపడింది షరతు.

నర్సవ్వ చెరువులో వల వేసి, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా చేపలమ్మే మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. సారు ఆమెను బడికి పిలిపించి, వాగు దాటాల్సిన ఆడపిల్లలకు నీళ్లలో బతకడం నేర్పమన్నాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని మా ఐదుగురినీ ఎగాదిగా చూసి, "ఈత నేర్పమంటె ఏండ్లు పడ్తది సారు. సావకుంట ఉండుడు నేర్పుత, గదైతే ఎండాకాలం దాక సాలు" అంది. అలా మొదలైంది మా చెరువు బడి. సారుకు నీళ్లంటే మాకంటే భయం. ఒడ్డున గొడుగు కింద కూర్చొని హాజరు పిలిచేవాడు, నీళ్లలోంచి మేము "ఉన్న సార్" అనాలి. "ఉన్న" అంటే బతికే ఉన్నానని కదా, ఆ చోట ఆ మాటకు అంతకంటే మంచి అర్థం లేదు.

మొదటి పాఠం పండుకోవడం. చెవులు నీళ్లలో పెట్టాలి, పొట్ట పైకి లేపాలి, ఆకాశంలో ఒక చోటు చూసుకొని దాన్నే చూస్తూ ఉండాలి. "మునిగితె మునుగు, మళ్ల లే. నీళ్లతోని కొట్లాడితె నీళ్లే గెలుస్తయి, గమ్మున పండుకుంటె అవే మోస్తయి" అనేది నర్సవ్వ. ఆమె నోట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను మూతి మూసుకున్నాను, ముసలవ్వ వేళ్లు వస్తాయేమోనని. రెండో పాఠం లంగాలో గాలి పట్టడం. లంగా అంచును నీళ్ల మీద విప్పార్చి, ఒక్కసారి కిందికి నొక్కితే లోపల గాలి చిక్కుకొని పూరీలా పొంగేది. ఐదుగురం అయిదు రంగుల్లో పొంగి నీళ్ల మీద తేలుతుంటే ఒడ్డున బట్టలుతికేవాళ్లు పని ఆపి మరీ నవ్వేవాళ్లు. నా స్నేహితురాలు సుగుణ లంగాకు చిరుగు ఉండటంతో బుస్సుమని గాలి పోయి, సగం పాఠంలో మాయమయ్యేది. సారు గొడుగు కింద నుంచి లేచి నిలబడి "సుగుణా, సుగుణా" అని హాజరు పిలిచేవాడు.

మూడో పాఠమే ముఖ్యమనేది నర్సవ్వ. ఎండిన సొరబుర్రకు పాత వలతాడు కట్టి, దాన్ని నీళ్లలోకి విసరడం నేర్పింది. నీళ్లలో ఉన్న మనిషికి బుర్ర ఇవ్వాలి, తాడు ఇవ్వాలి, కొంగు ఇవ్వాలి, కట్టె ఇవ్వాలి. చెయ్యి మాత్రం ఇవ్వకూడదు. "భయపడ్డోని చెయ్యి ఇనుప కొక్కెం. పట్టుకుంటె ఇడువదు. నీళ్లల్ల చెయ్యిచ్చుడంటే, చెయ్యిచ్చుడే" అనేది. నమ్మినవాడిని మోసం చేయడాన్ని కూడా చెయ్యివ్వడమనే అంటాం కదా. మాకు అది తమాషాగా తోచి, రోజంతా ఒకరికొకరం చేతులు చాపుకోవడం, వెనక్కి దాచుకోవడం. బడిలో బలపం అడిగినా పుల్ల మీద పెట్టి ఇచ్చేవాళ్లం.

ఇంట్లో అవ్వకు మాత్రమే తెలుసు. చెరువులో ఆకు కడిగి తెస్తానని చెప్పి పోయేదాన్ని. వచ్చాక ఆమె నా జుట్టు పిండి, నూనె రాసి, బిగించి జడ వేసేది. ముసలవ్వ ముక్కు ఎగబీల్చి, "గీ పోరి నెత్తి చేపల వాసనొస్తుందేందే" అంటే, "నర్సవ్వ పక్కపొంటి కూసున్నదట" అని అవ్వ తల ఎత్తకుండా బీడీ చుట్టేది. ముసలవ్వకు నిజంగా తెలియలేదా, తెలిసీ ఊరుకుందా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఎండాకాలం చివర, బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, సారు పరీక్ష పెట్టాడు. వాగు దాటించాల్సిన తండ్రులే పరీక్షాధికారులు, వాళ్లు చూసి ఒప్పుకోవాలి. చెరువు ఎండిపోగా తూము దగ్గర మాత్రం లోతు మిగిలింది. మిగతా తండ్రులకు సంగతి ఎంతో కొంత తెలుసు. మా బాపుకు ముందే చెబితే రాడని, చెరువు దగ్గరికి ఒకసారి వచ్చిపొమ్మని మాత్రం కబురు పెట్టాడు సారు. ఆ పొరపాటు సారుదే. ఆయన చనిపోయేదాకా దాన్ని ఒప్పుకుంటూనే వచ్చాడు.

బాపు చేను పని ముగించుకొని ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి నా వంతు నడుస్తోంది. తూము పక్కన, లంగాలో గాలి పట్టుకొని, చేతులు బార్లా చాపి, కళ్లు ఆకాశానికి అప్పగించి పండుకొని ఉన్నాను. చెవులు నీళ్లలో ఉన్నాయి కనుక నాకు లోకం వినపడదు. ఒక కొంగ పోతుంటే చూస్తున్నాను, ఇంక కాసేపుంటే ఆరో తరగతి అనుకుంటున్నాను. బాపు కట్ట ఎక్కేసరికి నర్సవ్వ గొంతు వినపడిందట: "సూడుండ్రి ఎంత మంచిగ పండుకున్నదో, కదలకుంట, మెదలకుంట." ఆయన చూసింది నీళ్ల మీద వెల్లకిలా, కదలకుండా ఉన్న కూతురిని. చుట్టూ జనం. ఒక్కరూ ఏడవడం లేదు, సారు గొడుగు పట్టుకొని నిలబడ్డాడు. నిజంగానే చనిపోయాననుకున్నాడు మా బాపు. ఈత రాని మనిషి, చెప్పులతో, తువ్వాలతో, కట్ట మీది నుంచి దూకేశాడు.

అల వచ్చి నా ముఖాన కొడితే తిరిగి చూశాను. నాకు నాలుగు బారల దూరంలో బాపు. తల కనపడుతోంది, పోతోంది. నర్సవ్వ అవతలి ఒడ్డు దగ్గర మరో పిల్లతో ఉంది, అక్కడి నుంచే అరుస్తోంది కానీ మాట తెలియడం లేదు. బాపు నన్ను చూశాడు. కళ్లు తెరిచి ఉన్న నన్ను చూసి ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను ఎన్నటికీ మరిచిపోలేను. "బిడ్డా" అన్నాడు, చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకొని నేను నడక నేర్చాను, జాతర తిరిగాను. దాన్ని చూస్తూ కాళ్లాడించి వెనక్కి జరిగాను. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే జరిగాను. ఒడ్డు నుంచి సుగుణ సొరబుర్ర విసిరింది. అది బాపుకు అందకుండా నా పక్కన పడింది. నేను దాన్ని కాలితో ఆయన వైపు తన్నాను, "బాపూ, బుర్రను పట్టు, నన్ను కాదు" అని గొంతు పోయేలా అరిచాను. పట్టుకున్నాడు. సుగుణ, ఇంకో ఇద్దరు పిల్లలు, తండ్రులు, చివరికి సారు కూడా గొడుగు పారేసి తాడు గుంజారు. కాస్త గుంజేసరికే బాపు కాళ్లకు నేల తగిలింది. సారు గొడుగు మాత్రం తలకిందులై చెరువు నడుమకు వెళ్లిపోయింది, నర్సవ్వ నన్ను ఒడ్డుకు చేర్చి, దాన్ని కూడా తెచ్చిచ్చింది.

బాపు ఒడ్డున కూర్చొని చాలాసేపు దగ్గాడు. అందరూ తలా ఒక మాట చెబుతున్నారు, ఆయన ఎవరినీ చూడటం లేదు. నేను తడి లంగాతో ఎదురుగా నిలబడ్డాను. చదువు పోయినట్టే అనుకున్నాను. తండ్రికి చెయ్యివ్వని కూతురిని ఎవరు చదివిస్తారు.

"చెయ్యెందుకు ఇయ్యలే?" అన్నాడు నెమ్మదిగా.

"ఇస్తె ఇద్దరం పోతుంటిమి బాపు" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాల తీసి నీళ్లు పిండి, నా తల తుడిచాడు. ఆ తువ్వాలకంటే నా తలే పొడిగా ఉంది, అయినా తుడిచాడు. "సారు, రేపే పోయి పేరు రాయిద్దాం" అన్నాడు. నర్సవ్వ తన గంపలోంచి పెద్ద బొచ్చె చేప తీసి బాపు చేతిలో పెట్టి, "పరీక్షల నువ్వే తప్పినవు, నీ బిడ్డ గెలిచింది" అంది. ఇంటికి వెళ్లేసరికి ముసలవ్వ మమ్మల్నిద్దరినీ కింది నుంచి పైదాకా చూసింది. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అంత పెద్ద మనిషిని ముందు కూర్చోబెట్టుకొని తన కొంగుతో ఆయన తల తుడుస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వాగు దాటాం. ఇసుక ఇంకా చల్లగా ఉంది. నడుమకు వచ్చాక బాపు ఆగాడు. "నాకొక చెల్లె ఉండె" అన్నాడు. నేను వినడం అదే మొదలు. "నీ అంతనే. ఇక్కడ్నే, గీ మలుపు కాడ. నేను ఒడ్డు మీద ఉన్న. చెయ్యిచ్చిన బిడ్డా. తడి చెయ్యి, జారింది. నా భుజం మీద తువ్వాల ఉండె, గది ఇయ్యాల్నని నాకెవ్వరు చెప్పలే. మునిగింది." మా ఇంటి మనిషి నోట ఆ మాట వినడం కూడా నాకు అదే మొదలు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అవతలి ఒడ్డెక్కి, ఊరు దాటి, బడి గేటు దాకా వదలలేదు. ఆరో తరగతి చేరే పిల్లను అలా పట్టుకొని తీసుకొస్తే నలుగురూ నవ్వుతారని నాకు సిగ్గేసింది, అయినా లాక్కోలేదు.

తొలి వానలకు మా పెరట్లో మునగ కొమ్మ నాటారు. నాటింది ముసలవ్వే. నర్సవ్వ ఇంటి నుంచి తెప్పించిందట. బాపు బతికినన్నాళ్లూ కొత్తవాళ్లు ఇంటికొస్తే ముందు ఆ చెట్టు కాయల పులుసు పెట్టించేవాడు, తర్వాత ఆ కథ ఎత్తుకునేవాడు. "కన్నబిడ్డ, నా ఎదురుంగనే, చెయ్యి సాపితె చెయ్యియ్యలే" అని నిట్టూర్చేవాడు. వినేవాళ్లు నా వైపు అదోలా చూసేదాకా ఆగి, అప్పుడు గొప్పగా మిగతాది చెప్పేవాడు. నా పెళ్లిచూపుల్లోనూ చెప్పాడు.

ఇప్పుడు ఆ వాగు మీద ఎత్తయిన వంతెన ఉంది, ఆటోలు గాంధారి, తాడ్వాయి పిల్లలను కూడా ఎక్కించుకొని రివ్వున పోతాయి. వాగు వల్ల చదువు మానే పిల్ల లేదు, అది మంచి కాలమే. అయితే వంతెన మీది నుంచి పోయే పిల్లలకు నీళ్లంటే భయమూ లేదు, పరిచయమూ లేదు. సెలవుల్లో సరదాగా దిగుతారు, ఒకరి కోసం ఒకరు దూకుతారు, మంచి మనసుతోనే దూకుతారు. అందుకే ఆ నారింజ జాకెట్లూ ఈలలూ చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. మాకు సొరబుర్రా చిరిగిన లంగాలూ ఉండేవి, వీళ్లకు అన్నీ కొత్తవి. పాఠం మాత్రం అదే, నర్సవ్వ నోటి నుంచి ఊడిపడ్డట్టు ఉంది.

ఆ రోజు చివరికి కట్టె పట్టుకొనే లేచాను. చీరంతా బురద. పిల్లలు బస్సు వైపు వెళ్తున్నారు. ఆద్య మాత్రం నా పక్కనే తల వంచుకొని నడుస్తోంది. కాసేపటికి, "అమ్మమ్మా, కోపమొచ్చిందా, చెయ్యియ్యలేదని?" అంది.

"లేదు బిడ్డా. మంచిగ చేసినవు."

ఇంకా నాలుగడుగులు నడిచింది. ఏదో లెక్క తేలనట్టు ఆగింది. "మరి ఒడ్డుకొచ్చినంక ఇయ్యొచ్చా?"

"ఒడ్డుకొచ్చినంక ఎంతసేపైనా ఇయ్యొచ్చు" అన్నాను.

అది తన చెయ్యి నా బురద చేతిలో పెట్టింది. బస్సులో పిల్లలు చూసి నవ్వుతున్నా, ఎక్కేదాకా వదలలేదు.